కెనడా మూలవాసీ యువత: ఇల్లు మారడం, తిండికి కటకట, ఆరోగ్యం – తరచుగా అడిగే ప్రశ్నలు

కెనడాలో నర్సులుగా, ఆహార నిపుణులుగా, సామాజిక కార్యకర్తలుగా పనిచేస్తున్న తెలుగువారికీ, అక్కడ ప్రజారోగ్యం చదువుకుంటున్న విద్యార్థులకూ మూలవాసీ యువత స్థితిగతుల గురించి సహజంగా కలిగే ప్రశ్నలను ఈ పుటలో చేర్చాము. ఇరవై ఏళ్ల మనిషి ఏడాదిలో నాలుగు ఇళ్లు మారితే ఆ మార్పు నివాసాల శాఖ లెక్కల్లోకి వెళుతుంది, నెలాఖరున పస్తున్న సంగతి మరొక సర్వేలో నమోదవుతుంది, మందులు మధ్యలో ఆపేసిన విషయం ఆసుపత్రి కాగితాల్లో మిగులుతుంది. ఈ మూడింటినీ ఒకచోట పెట్టి చదివితేనే అసలు విషయం అర్థమవుతుందన్నది ఈ జవాబులు రాసినవారి అభిప్రాయం.

మూలవాసులు అంటే ఇక్కడ ఎవరు? ఎంతమంది ఉన్నారు?

కెనడా రాజ్యాంగం ఫస్ట్ నేషన్స్, మేటి (ఫస్ట్ నేషన్స్, ఐరోపా సంతతుల కలయికతో ఏర్పడిన జాతి), ఇన్యుయిట్ (ఉత్తర ధ్రువ ప్రాంతపు జాతి) అనే మూడు సమూహాలను మూలవాసులుగా గుర్తిస్తుంది. (ఫస్ట్ నేషన్స్ వారిని రాజ్యాంగంలోనూ, పాత చట్టాల్లోనూ ఇప్పటికీ ‘ఇండియన్లు’ అనే రాశారు, మన పాఠకులు తికమక పడకూడదని చెబుతున్నాము.) 2021 జనగణన ప్రకారం వీరి సంఖ్య సుమారు 18 లక్షలు, అంటే దేశ జనాభాలో 5 శాతం. వీరిలో 8 లక్షల పైచిలుకు మంది పెద్ద నగరాల్లోనే ఉంటున్నారు. ఒక్క విన్నిపెగ్ నగర ప్రాంతంలోనే లక్షకు పైగా ఉన్నారు కాబట్టి, మూలవాసులంటే అడవుల్లోనో మంచు ఎడారుల్లోనో మాత్రమే ఉంటారన్న ఊహను ముందుగా వదిలిపెట్టాలి. వీరి సగటు వయసు 33.6 ఏళ్లు కాగా ఇతరులది 41.8 ఏళ్లు. ఇంత పడుచు జనాభా ఉన్నచోట, చదువు కోసం, ఉద్యోగం కోసం, కొత్త కాపురం కోసం ఇల్లు వెతుక్కునేవారి వాటా సహజంగానే ఎక్కువగా ఉంటుంది.

పడుచు వయసులో అందరూ ఇళ్లు మారుతూనే ఉంటారు కదా, దీన్ని ఆరోగ్య సమస్య అనడం ఎందుకు?

మంచి ఉద్యోగం దొరికి మరో ఊరికి వెళ్లడం వేరు, ఇంటి యజమాని ఖాళీ చేయమన్నందువల్లనో, అన్న ఇంట్లో పదకొండో మనిషిగా ఇమడలేకనో సంచి సర్దుకోవడం వేరు. మొదటి రకం మార్పు మనిషిని ఒక మెట్టు పైకి ఎక్కిస్తుంది. రెండో రకంలో అడ్వాన్సు సొమ్ము పోతుంది, పాత్రలు, పడక, ఫ్రిజ్‌లో మిగిలిన సరుకులు వెనక ఉండిపోతాయి, అలవాటైన క్లినిక్ దూరమవుతుంది, అవసరానికి ఒక పూట అన్నం పెట్టే పిన్నమ్మ ఇల్లు నగరానికి రెండో కొసన మిగిలిపోతుంది.

ఒంటారియో రాష్ట్రంలోని హామిల్టన్ నగరంలో ఫస్ట్ నేషన్స్ ప్రజలే భాగస్వాములుగా జరిపిన ‘అవర్ హెల్త్ కౌంట్స్’ అధ్యయనం 2011లో వెలువడింది. గడచిన ఐదేళ్లలో కనీసం ఒకసారైనా ఇల్లు మారినవారు అక్కడ 90 శాతం ఉన్నారని, మూడుసార్లు లేదా అంతకు మించి మారినవారు సగానికి పైగా ఉన్నారని అది తేల్చింది. ఇంటి ఖర్చులు భరించడానికి సరుకుల వంటి ముఖ్యమైన వాటిని వదులుకున్నామని 63 శాతం మంది చెప్పారు. ఇల్లు మారడాన్నీ, తిండి తగ్గడాన్నీ వేర్వేరు సమస్యలుగా ఎందుకు చూడకూడదో ఆ చివరి అంకె ఒక్కటే చెబుతుంది.

ఆహార అభద్రత అంటే ఆకలేనా? దాన్ని ఎలా కొలుస్తారు?

ఆకలి దాని చివరి దశ మాత్రమే. కెనడా ప్రభుత్వ సర్వేల్లో 18 ప్రశ్నలుంటాయి. పది పెద్దవారి గురించి, ఎనిమిది పిల్లల గురించి. గడచిన 12 నెలల్లో డబ్బు లేక సరుకులు అయిపోతాయేమోనని బెంగపడ్డారా, నాసిరకం తిండితో సరిపెట్టుకున్నారా, ఒక పూట మానేశారా, రోజంతా తినకుండా ఉన్నారా అని వరుసగా అడుగుతారు. జవాబులను బట్టి ఆ కుటుంబాన్ని స్వల్ప, మధ్యస్థ, తీవ్ర అభద్రత అనే మూడు దశల్లో ఒకదానిలో చేరుస్తారు.

2017–18 సర్వేలో దేశం మొత్తం మీద 12.7 శాతం కుటుంబాలు అభద్రతలో ఉండగా, రిజర్వుల (ఫస్ట్ నేషన్స్ కోసం ప్రభుత్వం కేటాయించిన భూముల) వెలుపల ఉంటున్న మూలవాసీ కుటుంబాల్లో అది 28.2 శాతం. రిజర్వుల్లో ఈ సర్వే జరగదు. అక్కడి సంగతి తెలుసుకోవడానికి 2008 నుంచి 2018 వరకు 92 ఫస్ట్ నేషన్స్ సమాజాల్లో విడిగా ఒక అధ్యయనం చేయవలసి వచ్చింది. ఆ అధ్యయనంలో దాదాపు సగం, అంటే 48 శాతం కుటుంబాలు అభద్రతలో ఉన్నట్టు తేలింది.

ఈ 18 ప్రశ్నలకు ఒక లోపం ఉంది. అవి డబ్బుతో కొనే తిండినే దృష్టిలో పెట్టుకుంటాయి. వేటకు వెళ్లే తుపాకీ, పడవ, పెట్రోలు లేక దుప్పి మాంసం తినడం మానేసిన ఇంటి లోటు వాటిలో సరిగా కనిపించదు.

అద్దెకూ అన్నానికీ అంత గట్టి ముడి ఎందుకు?

అద్దె ఒక్క విడతలో కట్టవలసిన సొమ్ము, దానిలో బేరం ఉండదు. కట్టకపోతే వీధిలో పడతారు. కరెంటు, ఫోను, బస్సు పాసుల సంగతీ కొంచెం హెచ్చుతగ్గులతో అంతే. ఇంటి ఖర్చులన్నింటిలోనూ ఎవరికీ చెప్పకుండా, ఎవరి సంతకం లేకుండా, ఈ రోజుకు ఈ రోజే తగ్గించుకోగలిగింది తిండి ఒక్కటే. అందువల్ల అద్దె పెరిగిన ప్రతిసారీ కోత కంచంలోనే పడుతుంది.

ఒంటారియోలో ఏ ఆదాయమూ లేని ఒంటరి మనిషికి ఇచ్చే సంక్షేమ భృతి గరిష్ఠంగా నెలకు 733 డాలర్లు. అందులో ఇంటికి 390, మిగిలిన అవసరాలన్నింటికీ 343. ఈ మొత్తం 2018 నుంచి ఏళ్ల తరబడి పెరగలేదు. టొరంటోలోనో హామిల్టన్‌లోనో 390 డాలర్లకు ఒక గది కూడా దొరకదని అక్కడ ఉంటున్న మన విద్యార్థులను ఎవరిని అడిగినా చెబుతారు. కాబట్టి ఇంటి వాటా చాలక తిండి వాటాను అద్దెలో కలుపుతారు. అదీ చాలక మరొకరి గదిలో సోఫా మీద పడుకుంటారు. ఆ ఇంటివారికి భారమయ్యామని అనిపించగానే మరో సోఫా వెతుక్కుంటారు. ఇలా తలదాచుకునేవారు వీధిలో కనిపించరు కాబట్టి వారిని నిరాశ్రయుల లెక్కలో పట్టుకోవడం కష్టం.

దీనికి తోడు, మూలవాసి అని ముఖం చూడగానే గది ఇప్పుడే అద్దెకు పోయిందని చెప్పే యజమానులున్నారు. చట్టప్రకారం అది వివక్షే అయినా, ఇరవై ఏళ్ల కుర్రవాడు ఫిర్యాదు చేసి తీర్పు వచ్చేదాకా బయట మంచులో నిలబడలేడు.

యువత మొదటిసారి ఇల్లు విడిచేది ఎప్పుడు?

చాలామంది పద్దెనిమిదేళ్లకు చాలా ముందే విడుస్తారు, అదీ తమ ఇష్టంతో నిమిత్తం లేకుండా.

వాయవ్య ఒంటారియోలో విమానం తప్ప మరో దారి లేని అనేక ఊళ్లలో పూర్తిస్థాయి ఉన్నత పాఠశాల లేదు. అందువల్ల పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు థండర్ బే నగరానికి వెళ్లి, ముక్కూమొహం తెలియని కుటుంబాల దగ్గర అద్దె గదుల్లో ఉండి చదువుకోవలసి వస్తుంది. అలా వెళ్లిన ఏడుగురు విద్యార్థులు 2000–2011 మధ్య చనిపోయారు. వారి మరణాలపై జరిగిన న్యాయ విచారణ 2016లో 145 సిఫారసులతో ముగిసింది. మనవైపు హాస్టల్లో పిల్లవాణ్ణి చేర్పించి వచ్చిన తల్లిదండ్రులకు ఆ దిగులు కొంత తెలుసు. కానీ అక్కడ దూరం వందల కిలోమీటర్లు, పండక్కి ఇంటికి రావాలంటే విమానం టికెట్టు కావాలి, భాషా వేరే, తిండీ వేరే.

గర్భిణుల విషయంలోనూ ఇంతే. ఉత్తరాది మారుమూల ఊళ్లలో కాన్పు చేసే ఏర్పాటు లేనందున నెలలు నిండకముందే, కొన్ని వారాల ముందుగా, వారిని దక్షిణాది నగరాలకు పంపిస్తారు. తల్లి, అత్త పక్కన లేకుండా, హోటల్ గదిలోనో వసతి గృహంలోనో నొప్పుల కోసం ఎదురుచూస్తూ గడిపే ఆ వారాలను ఎవరూ ఇల్లు మారడం కింద లెక్కించరు.

అన్నిటికంటే పెద్ద దారి మాత్రం శిశు సంక్షేమ వ్యవస్థ. 2021 జనగణనలో, 14 ఏళ్ల లోపు పిల్లల్లో మూలవాసులు 7.7 శాతమే కాగా, ఫాస్టర్ సంరక్షణలో, అంటే ప్రభుత్వ ఏర్పాటు మీద ఇతరుల ఇళ్లలో ఉన్న ఆ వయసు పిల్లల్లో వారు 53.8 శాతం. కన్నవారి నుంచి తీసుకుని, ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మారుస్తూ పెంచిన పిల్లవాడికి రాష్ట్రాన్ని బట్టి 18 లేదా 19 ఏళ్లు రాగానే సంరక్షణ ముగింపుకు వస్తుంది. ఇటీవల కొన్ని రాష్ట్రాలు ఆ గడువును పొడిగించాయి కానీ, పొడిగించిన చోట్లా అందరికీ అది అందడం లేదు. ఆ వయసుకు మిగతా పిల్లలు అమ్మ వంటింట్లో వండుకోవడం నేర్చుకుంటూ, చేతిలో డబ్బు అయిపోతే నాన్నకు ఫోన్ చేస్తూ ఉంటారు.

నగరానికి రాకుండా సొంత ఊళ్లోనే ఉండిపోతే?

ఉండిపోవాలంటే అక్కడ ఇల్లు ఉండాలి. 2021లో రిజర్వుల మీద ఉంటున్న ఫస్ట్ నేషన్స్ ప్రజల్లో 37.4 శాతం మంది భారీ మరమ్మతులు కావలసిన ఇళ్లలో ఉన్నారు. దేశంలో మూలవాసులు కానివారికి అదే లెక్క 5.7 శాతం. ఇన్యుయిట్ల స్వస్థలమైన ఇన్యుయిట్ నునంగాట్‌లో సగానికి పైగా ఇన్యుయిట్లు ఇరుకు ఇళ్లలో ఉన్నారు.

రిజర్వులో యువతకు ఇల్లు దొరకకపోవడానికి చట్టపరమైన కారణం కూడా ఉంది. 1876 నాటి ఇండియన్ చట్టం నుంచి వస్తున్న నిబంధనల ప్రకారం రిజర్వు మీది ఆస్తిని బయటివారు తాకట్టు పట్టలేరు, జప్తు చేయలేరు. భూమి అన్యాక్రాంతం కాకుండా కాపాడే రక్షణే ఇది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో 1970 నాటి 1/70 చట్టం ఉద్దేశం కూడా ఇలాంటిదే. కాని తాకట్టు లేనిదే బ్యాంకు గృహరుణం ఇవ్వదు. అందువల్ల ఇళ్లు చాలావరకు స్థానిక పాలకమండలి కట్టించాలి, దానికి డబ్బు కేంద్ర ప్రభుత్వం నుంచి రావాలి, వచ్చే డబ్బుతో కట్టే ఇళ్లు పెళ్లీడుకు వచ్చే జంటల సంఖ్యకు ఎన్నడూ సరిపోవు. ఎదురుచూపుల జాబితాలో పిల్లలు లేని ఒంటరి యువకుడు సాధారణంగా అట్టడుగున ఉంటాడు. ఆ కుర్రవాడు నగరానికి వచ్చాడంటే నగరం మీద మోజుతో వచ్చాడని అనుకోకూడదు.

ఉత్తరాదిలో సరుకుల ధరలు నిజంగా అంత ఎక్కువా?

ఎక్కువే. నునావుట్ ప్రాంతంలోని 25 ఊళ్లకు దక్షిణాది నుంచి రోడ్డు లేదు. వేసవిలో ఓడ వస్తుంది, మిగతా కాలమంతా పాలు, కూరగాయలు, పండ్లు విమానంలోనే రావాలి. 2017–18లో అక్కడి కుటుంబాల్లో 57 శాతం ఆహార అభద్రతలో ఉన్నాయి. 2011లో మొదలైన న్యూట్రిషన్ నార్త్ పథకం కింద ప్రభుత్వం సబ్సిడీని దుకాణదారుకు ఇస్తుంది, అతడు ఆ మేరకు ధర తగ్గించాలి. ఆ తగ్గింపు మొత్తం కొనేవారిదాకా చేరుతున్నదని ప్రభుత్వం రుజువు చేయలేకపోతోందని కెనడా ఆడిటర్ జనరల్ 2014లోనే తప్పుపట్టారు. తూనిక తన చేతిలో లేని చోట సబ్సిడీ ఎటు పోతుందో రేషన్ దుకాణాల చరిత్ర తెలిసిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

వేట, చేపలు, అడవి పళ్లు ఉండగా తిండికి లోటు ఎందుకు?

సంప్రదాయ ఆహారం తిన్న రోజున మాంసకృత్తులు, ఇనుము, విటమిన్లు మెరుగ్గా అందుతున్నాయని, దాదాపు అందరూ ఇప్పుడు తింటున్నదానికంటే ఎక్కువగా దాన్ని కోరుకుంటున్నారని పైన చెప్పిన పదేళ్ల అధ్యయనం గుర్తించింది. కోరిక ఉన్నా దక్కకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. మంచుబండికీ, పడవకూ, ఇంధనానికీ డబ్బు కావాలి. గనులు, ఆనకట్టలు, చెట్ల నరికివేత వల్ల జంతువుల దారులు మారాయి. వాతావరణం వేడెక్కి, మంచు మీద ప్రయాణం ప్రమాదకరమైంది. ఒంటారియోలోని గ్రాసీ నారోస్ అనే ఫస్ట్ నేషన్స్ సమాజపు నదిలో 1962–1970 మధ్య ఒక కాగితపు మిల్లు టన్నుల కొద్దీ పాదరసం వదిలిపెట్టింది. తరతరాలుగా చేపలతో బతికినవారికి ఆ చేపలే విషమయ్యాయి.

నగరానికి మారినవారికి మరో చిక్కు ఉంది. ఈ ఆహారం అంగట్లో దొరకదు, చేతులు మారుతూ వస్తుంది. వేటాడినవాడు ముసలివారికీ బంధువులకూ పంచుతాడు, ఆ బంధువు మరొకరికి పంపుతాడు. దుప్పి వేట కాలంలో ఊళ్లో ఉండి, మాంసం కోయడానికి ఒక చెయ్యి వేసినవారికి వాటా దక్కుతుంది. ఎక్కడ ఉన్నాడో రెండు నెలలకొకసారి మారిపోయే మేనల్లుడికి పంపాలని ఉన్నా పంపలేరు. పంపినా, అరలు పంచుకున్న ఫ్రిజ్‌లో అతడి వాటా ఒక్క అరే.

ఇవన్నీ కలిసి ఒంటి మీద ఎలాంటి ప్రభావం చూపుతాయి?

ఇరుకు ఇల్లు, గోడలకు పట్టే బూజు, గాలి ఆడని గదులు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. క్షయ దీనికి పరాకాష్ఠ. 2016లో ఇన్యుయిట్లలో క్షయ రేటు, కెనడాలో పుట్టిన మూలవాసులు కానివారితో పోలిస్తే దాదాపు 300 రెట్లు ఉంది. 2030 నాటికి ఇన్యుయిట్ ప్రాంతంలో దాన్ని నిర్మూలిస్తామని కేంద్ర ప్రభుత్వమూ ఇన్యుయిట్ల జాతీయ సంస్థా 2018లో లక్ష్యం పెట్టుకున్నాయి. మందులతో పాటు ఇళ్లు కట్టకుండా ఆ లక్ష్యం నెరవేరుతుందని అనుకోలేము.

తిండి లోటు మరో దారిలో పనిచేస్తుంది. కడుపు నింపడానికి చవకగా దొరికేవి పిండి పదార్థాలు, చక్కెర పానీయాలు, ప్యాకెట్ నూడుల్సు. కాబట్టి బక్కచిక్కినవారిలోనే కాదు, బరువు పెరిగినవారిలోనూ పోషణ లోపం ఉండవచ్చు. మధుమేహం మూలవాసుల్లో చిన్న వయసులోనే మొదలవుతున్నది. ఇన్సులిన్‌కు చల్లదనం కావాలి, వేళకు భోజనం కావాలి. రాత్రికి ఎక్కడ పడుకుంటాడో తెలియనివాడికి ఆ రెండూ కుదరవు. వేళ తప్పిన భోజనంతో ఇన్సులిన్ తీసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది కాబట్టి, తెలివైన రోగి ఇన్సులిన్ మానేస్తాడు. డాక్టరు మాత్రం అతణ్ణి మాట వినని రోగిగా రాసుకుంటాడు.

మనసు సంగతి విడదీసి చెప్పలేము. తిండి అభద్రత ఎంత తీవ్రమైతే కుంగుబాటు, ఆందోళన అంత ఎక్కువగా కనిపిస్తాయని కెనడాలోని అధ్యయనాలు పదేపదే చూపాయి. కుంగుబాటు వల్ల ఉద్యోగం పోయి, ఇల్లు పోయి, తిండి తగ్గిన సందర్భాలూ ఉన్నాయి. కారణం ఏది, ఫలితం ఏది అని గీత గీయడం సాధ్యం కాని చోట ఇది ఒకటి. డబ్బు భాషలోనే వినేవారి కోసం ఒక్క మాట: తీవ్ర అభద్రతలో ఉన్న ఇళ్లలోని పెద్దవారి మీద ఏటా అయ్యే వైద్య వ్యయం, తిండికి లోటులేని ఇళ్లవారితో పోలిస్తే రెండింతలకు మించి ఉన్నట్టు ఒంటారియోలో జరిగిన అధ్యయనం ఒకటి 2015లో వెల్లడించింది. అయితే అది మూలవాసులకే పరిమితమైన అధ్యయనం కాదు.

కెనడాలో వైద్యం ఉచితం కదా?

డాక్టరు, ఆసుపత్రి వరకు ఉచితం. అయితే ఆ హక్కు రాష్ట్రం ఇచ్చే ఆరోగ్య కార్డు మీద ఆధారపడి ఉంటుంది, కార్డు చిరునామా మీద ఆధారపడి ఉంటుంది. రాష్ట్రం మారితే కొత్త కార్డుకు మూడు నెలల దాకా పట్టవచ్చు. ఆలోపు పాత రాష్ట్రమే భరించాలన్నది నియమం, కాని దాన్ని వివరించి ఒప్పించవలసిన బాధ్యత జ్వరంతో కూర్చున్న మనిషి మీద పడుతుంది. మందులు, పళ్లు, కళ్లజోళ్ల ఖర్చులకు, నమోదైన ఫస్ట్ నేషన్స్ ప్రజలకూ ఇన్యుయిట్లకూ కేంద్రం ఒక ప్రత్యేక పథకం నడుపుతోంది. ఎక్కడికి మారినా అది వెంట వస్తుంది. మేటీలకు అది వర్తించదు. ఫస్ట్ నేషన్స్ పిల్లలకు ఆలస్యం లేకుండా సేవలందేలా చూసే ‘జోర్డన్ సూత్రం’ యుక్తవయసు రాగానే ఆగిపోతుంది.

కార్డు ఉన్నా ఆసుపత్రి గడప తొక్కడానికి జంకేవారున్నారు. 2020 సెప్టెంబరులో అటికమెక్ జాతికి చెందిన ఏడుగురు బిడ్డల తల్లి జాయిస్ ఎషాక్వాన్, తనను సిబ్బంది దూషిస్తుండగా ఆసుపత్రి మంచం మీద నుంచే ఫోనులో ప్రత్యక్ష ప్రసారం చేసి, కొద్దిసేపటికే చనిపోయారు. ఆమె మరణంలో జాతి వివక్షకు పాత్ర ఉందని కరోనర్ (మరణ కారణాలను విచారించే అధికారి) నిర్ధారించారు. మూలవాసీ యువతలో ఆ వీడియో చూసినవారు చాలామంది.

తిండి లేదని చెప్పి సహాయం అడగడానికి యువ తల్లులు ఎందుకు భయపడతారు?

ఇంట్లో సరుకులు లేవని, ఒకే గదిలో ఐదుగురం ఉన్నామని అధికారితో చెబితే, అది బిడ్డను పట్టించుకోకపోవడం కింద నమోదై బిడ్డనే తీసుకుపోతారన్న భయం వారికి ఉంది. ఆ భయం ఊహ నుంచి పుట్టింది కాదు. దాని వెనక మూడు తరాల అనుభవం ఉంది. పేదరికం, సరైన ఇల్లు లేకపోవడం అన్న కారణాలతోనే బిడ్డను తీసుకోకూడదని 2020 జనవరి 1న అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం స్పష్టంగా చెబుతోంది. చట్టం మారినంత వేగంగా నమ్మకం తిరిగి రాదు. సర్వేల్లో తిండి లోటు గురించి అడిగినప్పుడు కొందరు తక్కువ చేసి చెబుతారని అనుమానించడానికి ఇది ఒక కారణం.

చరిత్రకూ ఇప్పటి ఇరవై ఏళ్లవారికీ సంబంధం ఏమిటి?

1956లో మానిటోబా రాష్ట్రపు ఉత్తరాన ఉండే సయిసి దెనె అనే ఫస్ట్ నేషన్స్ ప్రజలను, క్యారిబూ జింకలు తగ్గిపోవడానికి వారే కారణమని నిందించి, వారి వేట భూముల నుంచి విమానంలో తెచ్చి చర్చిల్ పట్టణం పక్కన దింపేశారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2016లో. 1953లో ఉత్తర క్యుబెక్ నుంచి ఇన్యుయిట్ కుటుంబాలను ఇంకా ఎగువన, చీకటి నెలల తరబడి వీడని ద్వీపాలకు తరలించారు. దానికి క్షమాపణ 2010లో వచ్చింది. సుమారు లక్షన్నర మంది పిల్లలను ఇళ్ల నుంచి తీసుకెళ్లిన నివాస పాఠశాలల్లో చివరివి 1990ల్లో గాని మూతపడలేదు. 1948–1952 మధ్య అలాంటి ఆరు పాఠశాలల్లో, అప్పటికే అర్ధాకలితో ఉన్న పిల్లల మీద పోషకాహార ప్రయోగాలు చేశారు.

ఈ వరుసలో ప్రతిచోటా ఇల్లు మార్చడం, తిండి మార్చడం ఒకే ఆజ్ఞతో జరిగాయి. నేటి ఇరవై ఏళ్ల యువతకు అమ్మమ్మ ఆ పాఠశాలలో పెరిగిన మనిషి. ఆమెకు తల్లి వంట దక్కలేదు, ఆమె నుంచి కూతురికి అందవలసింది అందలేదు. మేటి, క్రీ (ఒక ఫస్ట్ నేషన్స్ జాతి) మూలాలున్న పరిశోధకుడు జెసీ థిసిల్ 2017లో మూలవాసుల నిరాశ్రయతను నిర్వచిస్తూ, పైకప్పు లేకపోవడం ఒక్కటే నిరాశ్రయత కాదని, భూమి, నీరు, బంధువులు, జంతువులు, భాష, సంస్కృతులతో తెగిన సంబంధం కూడా అందులో భాగమని చెప్పి, దాన్ని 12 కోణాల్లో వివరించింది ఈ నేపథ్యంలోనే.

ఫుడ్ బ్యాంకులు ఉన్నాయి కదా?

ఉన్నాయి. లేనివారికి సరుకులు ఉచితంగా ఇచ్చే ఈ కేంద్రాల్లో కెనడాలో మొదటిది 1981లో ఎడ్మంటన్‌లో తాత్కాలిక ఏర్పాటుగా మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. ఈ రాత్రికి తినడానికి ఏమీ లేనివారికి అది అవసరమే. అయితే వంట చేసుకునే పొయ్యి లేనివాడికి ఎండు బీన్సు సంచి ఇచ్చి ఉపయోగం లేదు. కొన్ని చోట్ల చిరునామా రుజువు అడుగుతారు, అది లేనందువల్లే అతడు అక్కడికి వచ్చాడు.

ఇల్లు మారడం ఎప్పుడూ చెడేనా?

కాదు. హింస ఉన్న ఇంటి నుంచి బయటపడ్డ అమ్మాయికి ఆ మార్పే ప్రాణరక్షణ. ఊరికీ నగరానికీ మధ్య రాకపోకలు కూడా నష్టమే అనుకోనక్కరలేదు. చావు పుట్టుకలకు, వేట కాలానికి, పెద్దల సేవకు ఊరు వెళ్లి రావడం చాలామందికి బలాన్నిస్తుంది. నగరానికి పోయినవారు ఇక రిజర్వుకు తిరిగి రారన్నది కూడా అపోహ; దశాబ్దాల జనగణన లెక్కల్లో రిజర్వుల నుంచి పోయినవారికంటే వచ్చి చేరినవారే ఎక్కువగా కనిపిస్తున్నారు. అయితే తిరిగి వస్తానని చెప్పి వెళ్లినవాడు వచ్చేసరికి గది మరొకరికి పోకుండా ఉండాలి.

జనగణన లెక్కలు దీన్ని పట్టుకోగలవా?

పూర్తిగా పట్టుకోలేవు. ఏడాది కిందట ఎక్కడున్నారు, ఐదేళ్ల కిందట ఎక్కడున్నారు అన్న రెండు ప్రశ్నలే అందులో ఉంటాయి. మధ్యలో ఆరు ఇళ్లు మారినవాడికి కూడా ఒక్క మార్పే నమోదవుతుంది. ఆరు మారి, మళ్లీ అమ్మ ఇంటికే చేరినవాడు అసలు కదలనివాడిగానే లెక్కకు వస్తాడు.

ఏది పనిచేసినట్టు కనిపిస్తోంది?

ముందు ఇల్లు ఇచ్చి, ఆ తరువాతే మిగతా సమస్యలను చూసే పద్ధతిని 2009–2013 మధ్య ఐదు నగరాల్లో పరీక్షించారు. విన్నిపెగ్‌లో పాల్గొన్నవారిలో 71 శాతం మూలవాసులు. మిగతా చోట్లలాగే అక్కడా, ఇల్లు ముందుగా పొందినవారు మామూలు సేవలు పొందినవారికంటే ఎక్కువ కాలం ఒకే చోట నిలవగలిగారు. అదే విన్నిపెగ్‌లో 1970లో మూలవాసులే స్థాపించిన కినూ హౌసింగ్ సంస్థ ఇళ్లు కొని, బాగుచేసి, ఆదాయానికి తగిన అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టింది. దేశంలో నగర మూలవాసుల గృహసంస్థల్లో ఇదే మొదటిది. ఆ బాటలో మరెన్నో సంస్థలు వచ్చాయి కాని, 1990ల మొదట్లో కొత్త సామాజిక గృహాలకు కేంద్రం నిధులు ఆపేయడంతో పెరుగుదల నిలిచిపోయింది. ఆ ఆగిపోయిన ఏళ్లలో పుట్టినవారే ఈ రోజు సోఫాల మీద పడుకుంటున్నారు.

మన ఆదివాసులతో పోల్చవచ్చా?

కొంతవరకే. పోలవరం ముంపు కింద లక్షకు పైగా కుటుంబాలు నిర్వాసితుల జాబితాకు ఎక్కాయి, వారిలో కోయలు, కొండరెడ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అడవి దుంపలు, వెదురు కొమ్ములు, ఇప్పపువ్వు, గోదావరి చేపలు చేతికందే చోటు నుంచి పునరావాస కాలనీకి మారినప్పుడు తిండి ఎలా మారుతుందన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటే. అయితే ఇక్కడ ఊరంతా ఒకేసారి కదులుతుంది, రేషన్ బియ్యం వెంట వస్తాయి. అక్కడి యువత ఒంటరిగా, పదేపదే, పట్టణం నడిబొడ్డున కదులుతుంది. ఒకదానికి చేసిన వైద్యం రెండోదానికి పనికివస్తుందని అనుకోకూడదు.

ఆసుపత్రిలోనో క్లినిక్‌లోనో పనిచేసే తెలుగువారు ఏమి గమనించాలి?

మందు ఎందుకు మానేశారని అడిగే ముందు, గడచిన ఏడాదిలో ఎన్ని ఇళ్లు మారారో అడగండి. ఫ్రిజ్ ఉందా, పొయ్యి ఉందా, నెలలో ఏ వారంలో సరుకులు అయిపోతాయి అని అడగండి. ఈ వివరాలు శిశు సంక్షేమ శాఖకు వెళతాయా లేదా అన్నది ముందే నిజాయితీగా చెప్పండి. ఫోను నంబరు ఒక్కటే రాసుకుని ఊరుకోకండి. అది వచ్చే నెలకు పనిచేయకపోవచ్చు. ఆ ఊళ్లోని మూలవాసుల ఫ్రెండ్‌షిప్ సెంటర్ (నగరాల్లోని మూలవాసులకు సేవలందించే సామాజిక కేంద్రం) ద్వారా కబురు పంపవచ్చా అని రోగినే అడిగి, ఒప్పుకుంటే కేసు కాగితంలో మొదటి పుటలోనే రాసి పెట్టండి.